లాటిన్ పాట విన్న సాయంత్రం

పోయిన డిసెంబరులో ఊరంతా సభల్లో కచేరీలు జరుగుతుంటే నేనూ మా అమ్మమ్మా ఒక చర్చికి వెళ్ళి లాటిన్ పాటలు విని వచ్చాం. ఆ సంగతి తరగతిలో చెబితే అందరూ నవ్వారు. "నీకు లాటిన్ వచ్చా?" అన్నారు. రాదు. మా అమ్మమ్మకైతే ఇంగ్లీషు కూడా రాదు. అయినా ఆ సాయంత్రం గురించి నాలుగు పేజీలు రాయగలను అన్నాను. మా తెలుగు మిస్ విని, "అయితే రాయి, మన పత్రికలో వేద్దాం" అన్నారు. మాట అనేశాక వెనక్కి పోలేం కదా. అందుకే రాస్తున్నాను.

ముందే ఒకటి ఒప్పుకోవాలి. నేను ఆ కచేరీకి మంచి మనసుతో వెళ్ళలేదు. అంతకు రెండు వారాల ముందు మా బడిలో ఒక గొడవ జరిగింది. వార్షికోత్సవానికి త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తన ఒకటి బృందగానంగా పాడించాలనుకున్నారు. మా తెలుగు మీడియం ప్లస్ ఒన్‌లో ఉన్నదే పదకొండు మందిమి. అందులో పాడగలిగేది నలుగురు. అందుకని తమిళ మీడియం పిల్లల్ని కూడా కలిపారు. వాళ్ళ గొంతులు బాగుంటాయి, శ్రుతి తప్పరు. నిజం చెప్పాలంటే నాకంటే బాగా పాడతారు. కానీ భ ఉన్న చోట ప అంటారు, గ ఉన్న చోట క అంటారు, మాటను మధ్యలో విరిచి ఊపిరి తీసుకుంటారు. (ళ మాత్రం మా అందరికంటే వాళ్ళే బాగా పలుకుతారు. అది కూడా చెప్పాలి.) మూడో రోజు సాధన అయ్యాక నేను అందరి ముందూ, "అర్థం తెలియనివాళ్ళు తెలుగు పాట పాడకూడదు మిస్" అన్నాను. ఆ మాట విన్న ఒక అమ్మాయి మర్నాటి నుంచి సాధనకు రావడం మానేసింది.

అలాంటి సమయంలో మా ఇంటి పై పోర్షన్‌లో ఉండే అక్క రెండు పాసులు తెచ్చి ఇచ్చింది. అక్క కూడా తెలుగు మీడియంలోనే చదువుకుంది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మూడేళ్ళుగా ఒక క్వయర్‌లో పాడుతోంది. "లాటిన్‌లో పాడతాం, వచ్చి విను" అంది. నేను వెంటనే, "మీ అందరికీ లాటిన్ వచ్చా అక్కా?" అని అడిగాను. "ఎవరికీ రాదే" అని నవ్వింది. నాకు లోపల సంతోషం వేసింది. నా వాదానికి సాక్ష్యం దొరుకుతుందని నోటుబుక్కు కూడా పట్టుకెళ్ళాను. రాత్రిపూట ఒక్కదాన్నే వద్దని నాన్న అంటే, "నేను తోడు పోతాలే" అని అమ్మమ్మ బయలుదేరింది. వణ్ణారపేట నుంచి రెండు బస్సులు మారి వెళ్ళాం.

పాత చర్చి అది. పైకప్పు చాలా ఎత్తు, పొడుగాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, చెక్క బల్లలు. అమ్మమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. ఇక్కడ అక్కరలేదమ్మమ్మా అంటే, "నాకు అక్కర" అంది. క్వయర్ ముందు మెట్ల మీద మూడు వరసల్లో నిలబడింది. నేను లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది మంది. వాళ్ళకు ఒక పక్క ఏడెనిమిది వయొలిన్లు, రెండు చెల్లోలు, ఒక కీబోర్డు. కండక్టర్ వచ్చి నమస్కారం పెట్టారు. కండక్టర్ అంటే బస్సు కండక్టర్ అనుకుని అమ్మమ్మ నా వైపు చూసింది. తాళం వేసి నడిపించే ఆయన అని చెప్పాను.

ఆ రోజు ముఖ్యమైన పాట ఆంటోనియో వివాల్డి రాసిన గ్లోరియా. గ్లోరియా అంటే మహిమ. కేథలిక్ చర్చిలో మాస్ అనే ఆరాధనలో చెప్పే ప్రార్థనల్లో అది ఒకటి. వివాల్డి దాన్ని పన్నెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో రకం సంగీతం కట్టాడు. మొత్తం అరగంట పాట. ఈయన 1678లో వెనిస్‌లో పుట్టాడు, 1741లో వియన్నాలో చనిపోయాడు. మన త్యాగరాజు పుట్టింది 1767లో, అంటే ఈయన పోయిన ఇరవై ఆరేళ్ళకు. వివాల్డి ప్రీస్టు కూడా. జుట్టు ఎర్రగా ఉండేదని ఆయన్ని 'ఎర్ర ప్రీస్టు' అనేవారు. నాలుగు రుతువుల మీద ఆయన రాసిన వయొలిన్ కచేరీలు లోకమంతా తెలుసు. మీరూ ఏదో ఒక ప్రకటనలోనో ఫోన్ రింగ్‌టోన్‌గానో వినే ఉంటారు.

గ్లోరియా మొదట ఎవరి కోసం రాశాడో తెలిశాక నాకు ఆ పాట మీద ఆసక్తి ఇంకా పెరిగింది. వెనిస్‌లో పియెతా అని ఒక అనాథాశ్రమం ఉండేది. కన్నవాళ్ళు వదిలేసిన పసిపిల్లల్ని అక్కడ పెంచేవారు. ఆడపిల్లల్లో గొంతు, చెయ్యి బాగున్నవాళ్ళను ఏరి సంగీతం నేర్పేవారు. 1703లో వివాల్డి అక్కడ వయొలిన్ నేర్పే పనిలో చేరాడు. ఈ గ్లోరియా 1715 ప్రాంతంలో ఆ పిల్లల కోసమే రాశాడని అంటారు. వాళ్ళు చర్చిలో పైన గ్యాలరీలో, ఇనుప జాలీల వెనకాల నిలబడి పాడేవారు. కింద కూర్చున్నవాళ్ళకు పాట వినిపించేదే కానీ మొహాలు కనిపించేవి కావు. యూరప్ నలుమూలల నుంచీ జనం వచ్చి వినేవారట. ఆ పిల్లలకు ఇంటిపేర్లు లేవు. వాయించే వాద్యమో పాడే గొంతో పేరు పక్కన చేరేది. అన్నా మరియా అనే ఆవిడ గొప్ప వయొలిన్ విద్వాంసురాలు. ఆవిడ పేరే 'వయొలిన్ అన్నా మరియా'.

ఇది చదివినప్పుడు మా తరగతి హాజరు పట్టీ గుర్తొచ్చింది. ఇంట్లో మాకు ఇంటిపేర్లున్నాయి. బడి రికార్డులో మాత్రం ఈ ఊరి పద్ధతి ప్రకారం నాన్న పేరులో మొదటి అక్షరమే ఇనిషియల్. పెళ్ళి శుభలేఖల్లో తప్ప మా ఇంటిపేరు ఎక్కడా కనిపించదు. దానికీ దీనికీ పోలిక లేదనుకోండి, ఊరికే గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. గ్లోరియాలో నాలుగు గొంతులుంటాయి. పైన సొప్రానో, దాని కింద ఆల్టో, ఈ రెండూ ఆడవాళ్ళవి. తర్వాత టెనర్, అన్నిటికంటే కింద బాస్, ఈ రెండూ మామూలుగా మగవాళ్ళవి. మరి అందరూ ఆడపిల్లలే ఉన్న చోట మగగొంతులు ఎవరు పాడారు? ఆడపిల్లలే. పియెతాలో కొందరు ఆడవాళ్ళ పేర్ల పక్కనే టెనర్ అనీ బాస్ అనీ ఉండేదట. అక్క విషయం ఇక్కడే చెప్పాలి. చిన్నప్పుడు ఒక పాటల పోటీలో ఎవరో అక్కది 'మగ గొంతు' అన్నారు. తర్వాత చాలా ఏళ్ళు అక్క నోరు తెరిచి పాడలేదు. ఈ క్వయర్‌లో టెనర్ పాడే మగవాళ్ళు ముగ్గురే ఉన్నారట. అందుకని ఆల్టోల్లోంచి ఇద్దరిని టెనర్ వరసలోకి మార్చారు. ఆ ఇద్దరిలో అక్క ఒకతె. కింద వరసలో చివర, మగవాళ్ళ పక్కన, ముదురు నీలం చీరలో నిలబడింది.

ఇక పాట.

మొదటి ముక్క పండగలా మొదలవుతుంది. వయొలిన్లన్నీ కలిసి కింది షడ్జం నుంచి పై షడ్జానికి ఒక్క గెంతు గెంతుతాయి, మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. అసలు పాటలో ట్రంపెట్ ఉంటుంది. ఇక్కడ ట్రంపెట్ లేదు, ఆ వరసలు కీబోర్డు మీద వాయించారు. అది కొంచెం పేలవంగా అనిపించింది. రాగం మన శంకరాభరణం లాగే వినిపిస్తుంది. వాళ్ళు డి మేజర్ అంటారు. ముత్తుస్వామి దీక్షితర్ ఇక్కడి ఇంగ్లీషు బ్యాండు విని ఆ వరసలకు సంస్కృతంలో నోటు స్వర సాహిత్యాలు కట్టారని మా సంగీతం మిస్ చెప్పారు. అవీ శంకరాభరణమే. అందుకేనేమో మొదటి ముక్క నాకు కొత్తగా అనిపించలేదు. క్వయర్ 'గ్లోరియా' అన్న మాటను చిన్న చిన్న తునకలుగా విసిరినట్టు పాడింది. గ గట్టిగా పలికింది, ల్ కూడా వినిపించింది. బాగుంది. కానీ వేగం మరీ ఎక్కువ. వెనక వయొలిన్లు పరుగెత్తలేక స్వరాలు మింగేశాయి. నోటుబుక్కులో 'తొందర' అని రాసుకున్నాను.

రెండో ముక్క దీనికి పూర్తిగా వేరు. భూమి మీద మనుషులకు శాంతి అన్నది దాని అర్థం. నెమ్మదిగా, దిగులుగా ఉంటుంది. ఒక గొంతు మొదలుపెడితే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి చేరతాయి. మన బృందగానంలో ఎంతమంది పాడినా వరస ఒకటే. తిరువయ్యారులో ప్రతి ఏడూ వందల మంది కలిసి పంచరత్నాలు పాడితే వందల గొంతులూ ఒకే దారిన పోతాయి. ఇక్కడ నాలుగు దారులు. విడివిడిగా నడుస్తూనే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మొదట్లో నాకు ఏ దారిన పోవాలో తెలియలేదు. తర్వాత అక్క ఉన్న వరసనే పట్టుకుని విన్నాను. అప్పుడు కొంచెం అర్థమయింది.

అది ఎలా ఉందో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒక గొంతు పాత స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. మిగతా గొంతులు కొత్త స్వరానికి వెళ్ళిపోతాయి. రెండూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. చెవికి కొంచెం నొప్పిగా ఉంటుంది. కాసేపటికి పట్టుకున్న గొంతు ఒక మెట్టు దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. హమ్మయ్య అనుకునే లోపల ఇంకో గొంతు ఇంకో స్వరాన్ని పట్టుకుంటుంది. ఈ ముక్కంతా ఇదే. శాంతి వచ్చేసిందని పాడితే ఇలా ఉండదు. ఇంకా రాలేదు, కావాలి అని అడుగుతున్నట్టుంది.

ఇంత మంచి ముక్కను క్వయర్ మాటల దగ్గర పాడుచేసింది. శాంతికి లాటిన్‌లో పాక్స్ అంటారు. ఆ మాట చివర క్స్ ఉంది కదా, ఇరవై ఎనిమిది మందీ దాన్ని ఒక్కసారి పలకాలి. ఇక్కడ ఒకరు ముందు, ఒకరు వెనక. చర్చి అంతా 'స్ స్ స్ స్' అని పాము బుసలాగా వినిపించింది. ప్రతిసారీ అంతే. పైగా ఊపిరి మాట మధ్యలో తీసుకున్నారు. చూడు, అర్థం తెలియకపోతే ఇంతే అని నాకు నేనే చెప్పుకుని, నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ గీతలు గీస్తుంటే పక్కన అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమయింది అమ్మమ్మా?" అన్నాను.

"ఇది అప్పగింతల పాటా?" అంది.

కాదని చెప్పాను. శాంతి గురించి అని చెప్పాను. "అట్లాగా" అంది కానీ నమ్మినట్టు లేదు. "ఒకళ్ళు చెయ్యి వదలరు, మిగతావాళ్ళు పద పద అంటున్నారు. మీ అమ్మను పంపినప్పుడు గుమ్మంలో అట్లానే ఉండింది" అంది.

నేను ఇప్పుడు పైన అంత పొడుగ్గా రాసింది అమ్మమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. ఒక మాట కూడా తెలియకుండానే. అది నా వాదానికి పెద్ద దెబ్బ. కానీ అప్పుడు ఒప్పుకోలేదు.

తర్వాతి ముక్కల గురించి త్వరగా చెబుతాను. మూడోది ఇద్దరు సొప్రానోల జంట పాట. ఒకరు అన్నదాన్ని ఒకరు అందుకుంటారు. కుడివైపు ఆవిడ గొంతు చాలా పెద్దది, ఎడమవైపు ఆవిడను వినపడనివ్వలేదు. నాలుగోది కొన్ని క్షణాలే, వెంటనే అయిదోది. అయిదోది ఫ్యూగ్. ఒకే పల్లవిని నాలుగు గొంతులూ ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుని ఒకరినొకరు తరుముకుంటారు. ఎత్తైన పైకప్పు కింద ఆ వేగానికి ప్రతిధ్వని అంతా కలిసిపోయి ఎవరు ఏమంటున్నారో తెలియలేదు. ఇది క్వయర్ తప్పో గోడల తప్పో చెప్పలేను. కొంచెం నిదానంగా పాడి ఉంటే గోడలు కూడా సాయం చేసేవేమో. ఆరోది ఒక్క సొప్రానో, ఒక్క వయొలిన్. ఉయ్యాల ఊగినట్టు సాగుతుంది. ఇక్కడ మామూలుగా ఓబో అనే ఊదే వాద్యం వినిపిస్తుందట. నాకు వయొలిన్‌తోనే బాగుంది. ఆ అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. ఎక్కడా ఎక్కువ చేయకుండా, పాడే ఆవిడ ఊపిరి కోసం ఆగి మరీ వాయించాడు. ఆ సాయంత్రం ఒకరి పాటను ఇంకొకరు నిజంగా విన్నది ఇక్కడే అనిపించింది. ఏడోది గెంతుతూ నడిచే ముక్క, బాగానే పాడారు.

ఎనిమిదో ముక్క దగ్గర నా నోటుబుక్కు ఆగిపోయింది.

అందులో కాంట్రాల్టో అనే కింది స్థాయి ఆడగొంతు ఒంటరిగా పాడుతుంది. వెనక చెల్లో ఒక్కటే నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. ఆవిడ ఒక్కో మాట అంటుంటే మధ్యమధ్యలో క్వయర్ అందరూ కలిసి అందుకుంటారు. లోకంలోని పాపాలను మోసే దేవుణ్ణి దయ చూపమని అడగడం ఇందులోని సంగతి. సోలో పాడిన ఆవిడ యాభై ఏళ్ళ మనిషి, తెల్ల చీర, చేతిలో పుస్తకం లేదు. గొంతు గొప్పదేమీ కాదు, పై స్వరాల దగ్గర కొంచెం వణికింది కూడా. కానీ ప్రతి మాటా తనకు చెందినట్టు పలికింది. క్వయర్ అందుకున్న ప్రతిసారీ ఇరవై ఎనిమిది మందీ ఒకే క్షణంలో మొదలుపెట్టి ఒకే క్షణంలో ఆపారు. చివరి అక్షరాలు ఒక్కటి కూడా చెదరలేదు. పాము బుస లేదు. రెండో ముక్కలో చేతకాని క్వయర్, ఎనిమిదో ముక్కలో ఎవరో వేరే క్వయర్ అయినట్టుంది. అప్పటిదాకా వినిపించిన ఫ్యాన్ల హోరు కూడా నాకు వినపడలేదు. తొమ్మిదోది కూడా అదే దయను అడిగే ముక్క, అదీ అంతే గట్టిగా నిలబడింది.

పదో ముక్కలో మళ్ళీ అదే ఆవిడ. పదకొండోది మొదటి ముక్కనే గుర్తుచేస్తుంది, మళ్ళీ ఆ గెంతులు, ఈసారి వేగం కాస్త తగ్గించారు. పన్నెండోది పెద్ద ఫ్యూగ్, దాంతో పాట ముగుస్తుంది. ఇందులో ఒక విచిత్రం. ఈ చివరి ముక్క పూర్తిగా వివాల్డిది కాదు. రుజ్జేరి అని అప్పటి ఇంకో సంగీతకర్త 1708లో రాసిన గ్లోరియా నుంచి తీసుకుని, మార్చి పెట్టుకున్నాడు. ఇవాళ అయితే కాపీ అంటాం. కానీ ఆ రుజ్జేరి ముక్క కూడా ఎంత బాగుందంటే, తీసుకున్నందుకు కోపం రాలేదు. ఇందులో టెనర్లకు ఒక చోట పైకి ఎక్కే వరస ఉంది. ముగ్గురు మగవాళ్ళూ ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి పాడారు. పక్షపాతం అనుకోకండి, అక్క గొంతు నాకు విడిగా వినిపించింది. నల్లగా, గుండ్రంగా, ఇత్తడి బిందెలో నీళ్ళలాగా.

ఈ పాట వివాల్డి చనిపోయాక దాదాపు రెండు వందల ఏళ్ళు ఎవరూ పాడలేదు. 1920ల్లో ఇటలీలో ఆయన చేతిరాత ప్రతులు కట్టలుగా దొరికాయి. అవి తూరిన్ నగరంలోని గ్రంథాలయానికి చేరాయి. 1939లో సియెనా అనే ఊళ్ళో మళ్ళీ మొదటిసారి పాడారు. త్యాగరాజు కీర్తనలకు అలా జరగలేదు. శిష్యులు, వాళ్ళ శిష్యులు నోటితో నేర్చుకుని మోసుకొచ్చారు. వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళం. ఇది నాకు తెలియనిది కాదు. సాధన రోజు ఆ మాట అన్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

గ్లోరియా తర్వాత బాఖ్ రాసిన చిన్న పాటలు రెండు, ఆఖరికి హాండెల్ రాసిన మెస్సయ్య నుంచి హల్లెలూయా పాడారు. దానికి అందరూ లేచి నిలబడటం ఆచారమట, లేచాం. సగం మంది ఫోన్లు తీశారు. అందరికీ తెలిసిన పాట కాబట్టి క్వయర్ కూడా ధైర్యంగా పాడింది. ధైర్యం ఎక్కువై అరిచింది. చప్పట్లు దానికే ఎక్కువ. నాకు మాత్రం అది ఆ రోజు అన్నిటికంటే తక్కువ పాట. సభలో చివర తుక్కడాలు పాడితే జనం లేచి కూర్చుంటారు చూడండి, అలాగ. హాండెల్‌ని అంటున్నది కాదు ఇది, పాడిన తీరును అంటున్నాను.

బయట చెట్టు కింద టీ ఇచ్చారు. అక్క వచ్చి అమ్మమ్మను "మీకు విసుగు రాలేదు కదా?" అని అడిగింది. "నువ్వు ఎందుకే మగవాళ్ళ పక్కన నిలబడ్డావు?" అంది అమ్మమ్మ. అక్క విడమరచి చెప్పింది. అమ్మమ్మ విని, "గొంతుకు ఆడా మగా ఏముంది, కూలిపనిలో అందరమూ పాడేవాళ్ళమే" అని టీ ఊదుకుంటూ అంది.

నేను నోటుబుక్కు తీసి అక్కకు రెండో ముక్క చదివి వినిపించాను. అక్క కోపం తెచ్చుకోలేదు. "నిజమే, క్స్ పాడయింది" అంది. "మరి ఎనిమిదోది అంత బాగా ఎలా వచ్చింది?" అని అడిగాను. అక్క చెప్పిన సంగతి ఇది. మూడు నెలలు సాధన చేశారు. కండక్టర్ ఎక్కువగా ఉచ్చారణే నేర్పారు, ఎక్కడ నోరు తెరవాలి, ఎక్కడ మూయాలి అని. అన్నీ ఎలాగో వచ్చాయి కానీ ఎనిమిదోది ఎంతకీ కుదరలేదట. ఒక సాయంత్రం ఆయన పాట ఆపించి, ఆ మాటల అర్థాన్ని ఎవరి భాషలో వాళ్ళను చెప్పమన్నారు. కొందరు తమిళంలో చెప్పారు, కొందరు మలయాళంలో, కొందరు ఇంగ్లీషులో. తెలుగులో చెప్పింది అక్క ఒక్కతే. "చెబుతుంటే గొంతు పట్టుకుంది. నేను చర్చి మనిషిని కాను కదా, నాకే ఎందుకో తెలియలేదు. ఆ తర్వాత ఒక్కసారికే వచ్చేసింది" అంది. మిగతా పదకొండు ముక్కలకు అలా చేసే తీరిక దొరకలేదట.

బస్సులో ఇంటికి వస్తూ దీని గురించే ఆలోచించాను. అమ్మమ్మకు ఒక్క మాటా తెలియదు, అయినా రెండో ముక్క ఆవిడకు చేరింది. ఎందుకంటే అక్కడ వివాల్డి అర్థాన్ని స్వరాల్లోనే పెట్టేశాడు. క్వయర్ ఎంత చెడగొట్టినా అది పూర్తిగా చెడలేదు. కాబట్టి వినేవాళ్ళకు అర్థం తెలిసి తీరాలి అన్న మాట నిలవదు. కానీ పాడేవాళ్ళ సంగతి వేరు. ఎనిమిదో ముక్క, రెండో ముక్క పాడింది ఒకే మనుషులు, ఒకే రోజు, ఒకే గోడల మధ్య. తేడా ఆ ఒక్క సాయంత్రమే. ఊపిరి ఎక్కడ తీయాలో, ఏ అక్షరం దగ్గర అందరూ కలవాలో నోటికి అర్థం తెలిసినప్పుడు దానంతట అదే తెలిసినట్టుంది. నేను సాధన రోజు అన్న దాంట్లో సగం నిజం ఉంది. పాడకూడదు అన్నానే, అదే తప్పు. క్వయర్‌కు లాటిన్ రాదని ఆ కండక్టర్ పాట మానిపించలేదు. కూర్చోబెట్టి అర్థం చెప్పించారు.

అక్కకు కూడా ఇది చెప్పాను. మళ్ళీ ఎప్పుడైనా గ్లోరియా పాడితే రెండో ముక్కకు కూడా ఒక సాయంత్రం ఇవ్వమని మీ కండక్టర్‌కు చెప్పు అన్నాను. "నువ్వే వచ్చి చెప్పు" అంది.

సోమవారం నేను తమిళ మీడియం సెక్షన్‌కు వెళ్ళి ఆ అమ్మాయిని కలిశాను. నాకు క్షమాపణ చెప్పడం సరిగ్గా రాదు. తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించాను. తను ఏమీ అనలేదు. బుధవారం సాధనకు వచ్చింది. మిస్‌ను అడిగి మొదటి అరగంట పాడకుండా కీర్తన అర్థం చెప్పడానికి తీసుకున్నాం. నేను బోర్డు మీద ఒక్కో మాటా రాసి తమిళంలో చెబుతూ వచ్చాను. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణంలో ఒక మాట దగ్గర ఆ అమ్మాయి చెయ్యెత్తి, "దీనికి అర్థం ఏమిటి?" అని అడిగింది.

నాకు తెలియదు. అయిదో తరగతి నుంచీ పాడుతున్న కీర్తన అది. భ, గ అన్నీ సరిగ్గా పలుకుతాను. ఆ మాట అర్థం మాత్రం ఇన్నేళ్ళలో ఎవరినీ అడగలేదు. మిగతా ముగ్గురు తెలుగు పిల్లల వైపు చూశాను. వాళ్ళు నా వైపు చూశారు. అందరం కలిసి మిస్ వైపు చూశాం. మిస్ కళ్ళజోడు సర్దుకుని, "ఉండండి, లైబ్రరీలోంచి నిఘంటువు తెస్తాను" అని లేచారు.